సుగ్గికి వెళ్లిన సంఘానికి హాజరు వేసేదెలా?

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో, ఆస్పరి మండలం కైరుప్పలలో ఏటా ఉగాది మరునాడు జరిగే పిడకల సమరం గురించి పత్రికలు చదివే తెలుగువారందరికీ తెలుసు. వీరభద్రస్వామికీ భద్రకాళికీ పెళ్లి విషయంలో వచ్చిన తగవుగా అక్కడివారు చెప్పుకునే కథను బట్టి ఊరు రెండు పక్షాలుగా చీలి ఒకరిపై ఒకరు పిడకలు విసురుకుంటారు. దెబ్బలు తగిలినవారు విభూతి రాసుకుని, నవ్వుకుంటూ ఇళ్లకు వెళ్లిపోతారు. అది వారి నమ్మకం, మన విశ్వాసం వేరు. దానిపై తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. మమ్మల్ని ఆలోచనలో పడేసింది మరొకటి. ఆ రోజు ఊరికి రమ్మని ఎవరూ ఎవరికీ నోటీసు పంపరు. రానివారి పేర్లు రాసుకునే పుస్తకం ఉండదు. అయినా బెంగళూరులో బేల్దారి పనికి పోయినవారు, గుంటూరు వైపు మిరపకోతకు పోయినవారు ఆ వేళకు ఊళ్లో ఉండాలని చూస్తారు.

అదే ప్రాంతంలో, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఉన్న మన సంఘాల్లో ఆదివారం ఆరాధనకు హాజరు పుస్తకాలున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, ప్రసంగ పీఠం మీది నుంచి మందలింపులున్నాయి. బల్లలు మాత్రం నిండడం లేదు.

చర్చికి రానివారిని సేవకులు ఒత్తిడి చేయాలా, వద్దా? ఈ మధ్య పాస్టర్ల సహవాసాల్లో ఎక్కడ నలుగురు కూడినా ఈ ప్రశ్నే వస్తోంది. ఒత్తిడి చేయకపోతే మంద చెదిరిపోతుందని కొందరి భయం. చేస్తే పక్క సంఘానికి పోతారని మరికొందరి భయం. ఈ రెండు భయాల్లోనూ మంద గురించిన బాధ ఎంతో, మన కుర్చీ గురించిన బాధ ఎంతో మేము విడదీసి చెప్పలేం. స్వతంత్ర సంఘాల్లో సేవకుని పొయ్యి మీద పాత్ర ఆదివారం కానుకల సంచితోనే ముడిపడి ఉందన్నది అందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనని సంగతి. పది కుటుంబాలు రాకపోతే ఆ వారం అమ్మగారు అప్పు చేయాలి. కాబట్టి ఒత్తిడి చేసే పాస్టర్లందరినీ పెత్తందారులుగా చూపడం న్యాయం కాదు. కానీ ఆకలి కారణమైనంత మాత్రాన పద్ధతి సరైనదైపోదు.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం, ఆస్పరికి దగ్గరలోని ఒక పల్లె సంఘంలో సేవ చేస్తున్నప్పుడు, వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రానివారి పేర్లు ఒక కాగితం మీద రాసి చర్చి గోడకు అంటించాం. వేదాంత కళాశాల నుంచి వచ్చిన ఉత్సాహం, సంఘాన్ని క్రమశిక్షణలో పెట్టాలన్న పట్టుదల రెండూ ఉన్న రోజులవి. ఆ జాబితాలో ఒక పెద్దాయన పేరుంది. ఆయన కొడుకులు, కోడళ్లు సుగ్గికి పోయారు. ఇంట్లో మిగిలింది ఆయన, రెండు గేదెలు, ముగ్గురు మనవలు. ఉదయం పది గంటలకు మేము ఆరాధన మొదలుపెట్టే వేళకు ఆయన గేదెలను తోలుకుని వాగు వైపు పోయేవారు. ఆయనకు చదువు రాదు. మనవరాలు చర్చి గోడ మీద తాత పేరు చదివి సంబరపడి ఇంటికి వెళ్లి చెప్పిందట. గోడ మీద పేరు రాశారంటే కానుక ఇచ్చినవారి జాబితా అనుకుందేమో ఆ పసిది. ఆ సాయంత్రం ఆయన మా ఇంటి వాకిట్లో నిలబడి, 'అయ్యగారూ, నా పేరు గోడకు ఏసినారంట. నేనేం తప్పు జేసినానో చెబితే దిద్దుకుంటాను సామీ' అన్నారు.

మాకు నోట మాట రాలేదు. కాగితం ఆ రాత్రే చింపేశాం. కానీ ఊరు దాన్ని అప్పటికే చదివేసింది. తర్వాత మేము ఎన్నోసార్లు వారి ఇంటికి వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ మజ్జిగ ఇచ్చారు, ప్రార్థనకు తల వంచారు, ఎప్పుడూ కటువుగా మాట్లాడలేదు. చర్చి గడప మాత్రం మళ్లీ తొక్కలేదు. రెండేళ్లకు ఆయన పోయారు. భూస్థాపన మేమే చేశాం. సమాధి దగ్గర నిలబడి మంచి కాపరిని గూర్చిన మాటలు చదువుతుంటే మా గొంతు మాకే పరాయిగా వినిపించింది.

'సుగ్గి' అన్న మాట కోస్తావారికి కొత్త కావచ్చు. కన్నడ సీమకు ఆనుకుని ఉన్న మా పల్లెల్లో అది పనికోసం వలసపోవడానికి వాడుక మాట. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి కదా, ఆ భాష వాసన ఇంకా పోలేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, ఆస్పరి, దేవనకొండ మండలాల్లో వర్షాధారపు నల్లరేగడి సేద్యమే ఎక్కువమందికి దిక్కు. వాన మొహం చాటేసిన ఏడు, పత్తి చేతికి రాగానే లేదా రాకముందే, కుటుంబాలు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా లారీలూ బొలేరోలూ ఎక్కుతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు, తెలంగాణకు, రాయచూరు వైపు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టుబడి పనులకు పోతారు. పిల్లల చదువు ఆగిపోకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపవలసి వచ్చిందంటే ఈ వలస ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు క్యాలెండరు తీసి చూడండి. సుగ్గికి పోయే కాలం నవంబరు, డిసెంబరు. తిరిగొచ్చేది ఉగాది ముందో వెనకో. అంటే క్రిస్మస్, నూతన సంవత్సర ఆరాధన, శ్రమదినాల కూడికలు, ఒక్కో ఏడు మట్టలాదివారం కూడా ఈ కాలంలోనే పడతాయి. విజయవాడలో, హైదరాబాదులో క్రిస్మస్‌కు చర్చి బయట షామియానాలు వేస్తారు. మా పల్లెల్లో క్రిస్మస్ ముసలివారికీ, బాలింతలకూ, పదో తరగతి చదివే పిల్లలకూ మిగిలిన పండుగ. పాటలు పాడే గుంపు గుంటూరు జిల్లాలో మిరపచేలో ఉంటుంది. ఆ సంఘానికి పాస్టరుగా ఉండి, డిసెంబరు 25న ఖాళీ బల్లలకేసి చూస్తూ 'రానివారికి దేవుని భయం లేదు' అని ప్రసంగించడం ఎంత తేలిక! వినవలసినవారు అక్కడ ఉండరు. వచ్చిన ముసలమ్మ కొడుకు తరఫున తల దించుకుంటుంది.

హాజరు కోసం మనలో కొందరు వాడే పద్ధతులు పాఠకులకు తెలియనివి కావు. బాప్తిస్మానికి, పెళ్లికి, పిల్లల ప్రతిష్ఠకు ముందు హాజరు లెక్క చూడటం. చందా బాకీని, ఆదివారం బాకీని ఒకే పుస్తకంలో రాయడం. వాట్సాప్ గ్రూపులో 'ఈ వారం కనిపించనివారు' అని పేర్లు పెట్టడం. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే, ప్రమాదం జరిగితే, 'మందిరం మానేసినందుకే' అని కారణం చెప్పడం. అన్నిటికంటే ఈ చివరిది ఘోరం. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట అన్న సేవకులున్నారు. యోబు స్నేహితులైనా మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నారు.

ఈ పద్ధతులకు ఆధారంగా చూపే వాక్యం ఒక్కటే: హెబ్రీ 10:25. సమాజముగా కూడుట మానవద్దన్న ఆ మాట ఎవరికి తెలియదు? కానీ ఆ వచనాన్ని దాని ఇరుగుపొరుగు వచనాల నుంచి విడదీస్తే అది కర్ర అవుతుంది. 24వ వచనంలో రచయిత అడుగుతున్నది ప్రేమకూ మంచి పనులకూ ఒకరినొకరు పురికొల్పుకొనమని. 'ఒకరినొకరు' అన్నాడు, సేవకుడు సభ్యులను అనలేదు. మానడం అని మనం చదువుతున్న చోట గ్రీకులో ఉన్న మాట 'ఎంకతలెయిపో'. ఆపదలో ఒకరిని దిక్కులేకుండా వదిలేసి పోవడం దాని అర్థం. అదే మాట 13:5లో దేవుడు మనలను ఎన్నడూ ఎడబాయనని చేసిన వాగ్దానంలో వస్తుంది. సిలువ మీద ప్రభువు కేకలోనూ అదే. ఆ పత్రిక అందుకున్నవారు ఆస్తులు దోపిడీ అయి, అవమానాలు పడి ఉన్నారని అదే అధ్యాయం 32 నుంచి 34 వచనాల్లో ఉంది. కష్టంలో ఉన్న తోటివారిని ఒంటరిగా వదిలి పక్కకు తప్పుకునే అలవాటు గురించి రచయిత బాధపడుతున్నాడు. నాలుగు ఆదివారాలు లెక్క తప్పిన కూలీ గురించి కాదు.

అలా చూస్తే సుగ్గికి పోయిన కుటుంబం విషయంలో ఎవరు ఎవరిని ఎడబాశారు? నాలుగు నెలలు వాళ్లు ప్లాస్టిక్ పట్టా కింద బతుకుతుంటే సంఘం తరఫున ఒక్క ఫోను కూడా వెళ్లని సందర్భాలు మా సేవలోనే ఉన్నాయి. ఆ వచనం ముందు మేమే నిలబడవలసి వచ్చింది.

ఆదివారం పగటిపూట ఆరాధన అన్నది కూడా మనం అనుకునేంత సనాతనమైన ఏర్పాటేమీ కాదు. సుమారు క్రీ.శ. 112లో బితూనియ అధికారి ప్లినీ చక్రవర్తి త్రాయానుకు రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని తెలిపాడు. అప్పటికి ఆదివారం సెలవు లేదు. పగలంతా పని ఉంటుంది. క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించినప్పుడు న్యాయాధికారులకూ, పట్టణవాసులకూ, చేతిపనివారికీ సెలవిచ్చాడు గానీ సేద్యగాళ్లకు మినహాయింపు ఉంచాడు. విత్తనం వేసే అదను దాటితే మళ్లీ రాదని ఆ శాసనంలోనే కారణం చెప్పాడు. పదిహేడు వందల ఏళ్ల క్రితం ఒక చక్రవర్తికి తెలిసిన సంగతి ఆస్పరి పొలాల మధ్య కాపురముండే పాస్టరుకు తెలియలేదంటే ఎలా?

పౌలు కొరింథీ సంఘానికి రాసినది మరీ సూటిగా తగులుతుంది. ప్రభు రాత్రి భోజనానికి ముందు వచ్చినవారు తినేస్తున్నారు, వెనక వచ్చినవారు ఆకలితో మిగిలిపోతున్నారు. వెనక వచ్చేవారు యజమానుల పని ముగించుకుని రావలసిన దాసులు, కూలీలు అయివుంటారని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. పౌలు ఆలస్యంగా వచ్చినవారిని ఒక్క మాటా అనలేదు. ముందుగా వచ్చినవారిని గద్దించి, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నాడు (1 కొరింథీ 11:33). మన చర్చిల్లో ఇది తలకిందులైంది. గంట కొట్టగానే వచ్చే ఉద్యోగస్థుల కుటుంబం ముందు బల్ల మీద ఉంటుంది. చేను నుంచి కాళ్లు కడుక్కుని వచ్చినవారికి వెనక గోడ దగ్గర చోటు, ఆపైన ఆలస్యం మీద ఒక ప్రసంగం.

ఒత్తిడి చేసి చర్చికి తెచ్చిన చరిత్ర కూడా మనకుంది. ఇంగ్లాండులో 1559 నాటి ఏకరూప ఆరాధన చట్టం ప్రకారం ఆదివారం మానితే పన్నెండు పెన్నీల జరిమానా. 1581లో దాన్ని నెలకు ఇరవై పౌండ్లు చేశారు. అమెరికాలోని వర్జీనియా వలసలో 1610, 1611 సంవత్సరాల్లో చేసిన శాసనాలైతే ఆదివారం మానిన మొదటిసారి వారం రోజుల తిండిగింజలు కోసేయమన్నాయి, రెండోసారి కొరడా దెబ్బలు, మూడోసారి మరణశిక్ష రాసిపెట్టాయి. ఇంత చేసిన ఇంగ్లాండులో ఈనాడు ఎన్నో చర్చి భవనాలు అమ్ముడుపోతున్నాయి. జరిమానాల వల్లే ఇలా అయిందని మేము అనం. కారణాలు చాలా ఉన్నాయి. కానీ జరిమానాలు దాన్ని ఆపలేకపోయాయి.

ఆ బలవంతానికి వేదాంతం సమకూర్చినది మహానుభావుడైన ఆగస్టీను అన్నది బాధాకరం. ఉత్తర ఆఫ్రికాలో విడిపోయిన దోనాతు పక్షంవారిని సంఘంలోకి తిరిగి తేవడానికి రాజదండనను సమర్థిస్తూ, క్రీ.శ. 408 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో లూకా 14:23ను ఆయన ఎత్తి చూపాడు. గొప్ప విందు ఉపమానంలో యజమాని, వీధుల్లోనివారిని లోపలికి వచ్చేలా బలవంతం చేయమంటాడు కదా. ఈ రోజుకీ మన పాస్టర్లు వాడే వాక్యం అదే.

ఇక్కడ తెలుగువారమైన మనకు ఒక వెసులుబాటు ఉంది. 'బలవంతం' అన్న మాట మన ఇళ్లలో రెండు చోట్ల వినిపిస్తుంది. అప్పులవాడు వాకిట్లో కూర్చున్నప్పుడు ఒకటి, చుట్టానికి విస్తరి వేసినప్పుడు ఒకటి. 'ఇంకో రొట్టె పెట్టుకో అన్నా, మొహమాటపడొద్దు' అనే బలవంతం ఎవరినీ నొప్పించదు. ఉపమానంలోని యజమాని విందు పెట్టేవాడు. పిలిపించింది బీదలను, అంగహీనులను, గుడ్డివారిని, దారిన పోయేవారిని. పెద్దింటి విందుకు మనమేమిటని వెనకాడేవారు వాళ్లు. ఆ వెనకాటును పోగొట్టమన్నాడు యజమాని. జరిమానా వేయమనలేదు.

ఇంకో విశేషముంది. అతిథిని బలవంతం చేయడానికి గ్రీకు కొత్త నిబంధనలో ఇంకో ప్రత్యేకమైన మాట రెండుసార్లే వస్తుంది, రెండుసార్లూ లూకా రాతలోనే. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు పొద్దుగుంకిందని ప్రభువును తమ ఇంట ఉండమని బలవంతం చేశారు (లూకా 24:29). ఫిలిప్పీలో లూదియ పౌలునూ ఆయన వెంట ఉన్నవారినీ తన ఇంటికి రమ్మని బలవంతం చేసింది (అపొ.కా. 16:15). రెండు చోట్లా బలవంతం చేసినది ఇంటివారు, చేయించుకున్నది బోధించేవారు. మనం దాన్ని అటుదిటు చేసుకున్నాం.

ఇంకా, మొదటి ఆదివారం సాయంత్రం కూడికకు రానివాడు ఒకడున్నాడు: తోమా. ఎందుకు రాలేదో యోహాను రాయలేదు, తక్కిన పదిమంది అడిగినట్టూ లేదు. ప్రభువును చూశామని చెప్పారంతే. ఎనిమిది దినాల తర్వాత ప్రభువు మళ్లీ వచ్చినప్పుడు కూడా మొన్న ఎక్కడికి పోయావని తోమాను అడగలేదు. గాయపడిన చేయి చాపాడు.

ఇంతవరకు చదివి, 'అయితే ఎవరూ చర్చికి రానక్కర్లేదంటారా?' అని కోపగించుకునే తోటి సేవకులుంటారని తెలుసు. సుగ్గి పేరు చెప్పి తప్పించుకునేవారు లేరా అంటే ఉన్నారు. ఆదోనిలో ఆదివారం క్రికెట్‌కు పోయే కుర్రాళ్లున్నారు. శనివారం రాత్రి తాగి ఆదివారం లేవని మగవారున్నారు, వారి భార్యలు పిల్లలతో ఒంటరిగా వస్తారు. యూట్యూబులో పెద్ద ప్రసంగీకుణ్ని చూసి 'మాకు ఆరాధన అయిపోయింది' అనేవారు 2020 తర్వాత బాగా పెరిగారు. వీరితో మాట్లాడాలి, ఎదుట కూర్చుని గట్టిగానే మాట్లాడాలి. గోడ మీద కాగితంతో కాదు. పేతురు పెద్దలకు రాస్తూ, మందపై ప్రభువులైనట్టు ఉండవద్దని హెచ్చరించింది ఇలాంటి చోటే పనికొస్తుంది (1 పేతురు 5:3).

ఒక మనిషి రాకపోవడాన్ని గమనించకపోవడం కూడా పాపమే. ఆరు నెలలుగా ఒక సోదరి కనిపించడం లేదు, ఎవరూ అడగలేదు. తీరా చూస్తే అదే చర్చిలో పక్క బల్ల మీద కూర్చునే ఆమె దగ్గర అప్పు తీసుకుని తీర్చలేక మొహం చూపించలేకపోయింది. హాజరు పుస్తకం అలాంటి చోట మేలు చేస్తుంది, ఎవరింటికి వెళ్లాలో చెబుతుంది కాబట్టి. 1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టులు ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి వారానికి ఒక పెన్నీ వసూలుకని సభ్యులను గుంపులుగా విడదీశారు. వసూలుకు ఇంటింటికీ తిరిగినవారు అక్కడి బతుకులు చూసి వచ్చి చెబితే జాన్ వెస్లీ ఆ ఏర్పాటును కాపరి పనికి మళ్లించాడు. పుస్తకం అదే. అది ఏ చేతిలో ఉంది, దాన్ని పట్టుకుని ఎటు నడిచారు అన్నదే తేడా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ తేడా మాకు కళ్లకు కట్టింది. జూన్ 8న ప్రార్థనా స్థలాలు తెరుచుకునే వరకు అందరం గైర్హాజరే. ఏప్రిల్ 12న పునరుత్థాన దినాన చర్చి తలుపు తీయని సంవత్సరం అది. మా ప్రాంతపు కూలీలు గుంటూరు జిల్లాలోనే చిక్కుకుపోయారు. అప్పుడు మేము రోజుకు పది ఇళ్లకు ఫోను చేశాం. తిన్నారా, బియ్యం ఉన్నాయా, మేస్త్రి డబ్బులిచ్చాడా అని అడిగాం. సేవకు వచ్చిన ఇన్నేళ్లలో అన్ని కుటుంబాలతో అంతసేపు మాట్లాడిన కాలం అదొక్కటే. తలుపులు తెరుచుకున్న మూడో వారానికి మళ్లీ హాజరు పుస్తకం బయటికి తీశాం. ఫోన్లు ఆగిపోయాయి.

ఇటీవల దీనికి మరో చిక్కు తోడైంది. ఇది చెప్పడానికి మాకు సంకోచంగా ఉంది గానీ చెప్పక తప్పదు. మా సంఘాల్లో ఎక్కువమంది దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి 1956, 1990లలో జరిగిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే షెడ్యూల్డ్ కులాల హోదా. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవారిని బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషనులో ఉంచారు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, పుదుచ్చేరిలో ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం కోరిన ఒక మహిళ కేసులో, ఆమె బాప్తిస్మం పొందడాన్నీ, క్రమంగా చర్చికి హాజరవడాన్నీ లెక్కలోకి తీసుకుని ధ్రువపత్రం నిరాకరించడాన్ని సమర్థించింది. 2025లో మన రాష్ట్ర హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని చెప్పింది. ఈ తీర్పుల మంచిచెడులు న్యాయవాదులు చర్చిస్తారు. మతం మారితే పల్లెలో కులం ఎక్కడికీ పోదని మా వాడల్లో పుట్టిన ఎవరైనా చెబుతారు.

మన చేతిలోని హాజరు పుస్తకం ఇక మన ఇంటి పుస్తకం మాత్రమే కాదన్నది ఇక్కడి విషయం. ఒక తండ్రి కూతురి ఇంజనీరింగు సీటుకు ముందు రెండు నెలలు చర్చి మానేస్తే, అతణ్ని సభలో నిలబెట్టి 'క్రీస్తును ఎరగనన్న పేతురు' అనడానికి మనకు నోరెలా వస్తుంది? అబద్ధమాడమని మేము ఎవరికీ సలహా ఇవ్వం. విశ్వాసాన్ని దాచుకుని బతకడం మనిషిని లోపల తినేస్తుందని కూడా చూశాం. అయితే ఎంత వెల చెల్లించి ప్రభువును ఒప్పుకోవాలన్నది ఆ తండ్రికీ ప్రభువుకూ మధ్య తేలవలసిన లెక్క. ఆ వెలలో పైసా కూడా చెల్లించని మేము, అతని పేరు గోడ మీద రాసి, నిర్ణయం అతని చేతిలోంచి లాక్కోకూడదు. ఫిలేమోను మేలు బలవంతం చేత కాక ఇష్టపూర్వకంగా ఉండాలని పౌలు కోరుకున్నాడు. ఆయనకు ఆజ్ఞాపించే హక్కు ఉంది, అయినా.

ఆ పెద్దాయన భూస్థాపన జరిగిన మరుసటి ఏడు ఫిబ్రవరిలో మేము మొదటిసారి సుగ్గి చేలకు వెళ్లాం. గుంటూరు దాటి బస్సు దిగి, ఆటోలో, తర్వాత నడిచి, మిరప కల్లం పక్కన గుడారాల దగ్గరకు చేరేసరికి పొద్దుగుంకింది. మా సంఘంవారు పదకొండు కుటుంబాలున్నాయి. మమ్మల్ని చూసి మొదట భయపడ్డారు, ఊళ్లో ఎవరో పోయారనుకుని. ఏమీ లేదు, మిమ్మల్ని చూడ్డానికే వచ్చామంటే నమ్మడానికి కాసేపు పట్టింది. అక్కడ మాకు తెలిసిన సంగతి: మేస్త్రి కూలి లెక్క చూసే శనివారం రాత్రి, అందరూ ఒకచోట ఉంటారు కాబట్టి, వాళ్లు ప్రార్థన పెట్టుకుంటున్నారు. బడి మానేసి వచ్చిన ఏడో తరగతి పిల్ల ఒకతి టార్చిలైటు వెలుగులో వాక్యం చదువుతుంది. ఘాటుకు కళ్లు మండుతుంటే తుడుచుకుంటూ పాటలు పాడతారు. కానుక డబ్బులు ఒక డబ్బాలో వేసి ఉంచారు, ఉగాదికి వచ్చి చర్చిలో ఇద్దామని. మూడు నెలలుగా మా పుస్తకంలో వాళ్లందరి పేర్ల ఎదురుగా సున్నాలు ఉన్నాయి.

ఆ రాత్రి వాళ్లు మమ్మల్ని వెళ్లనివ్వలేదు. జొన్నరొట్టె, కొత్త మిరపకాయల కారం, పప్పు పెట్టారు. రెండో రొట్టె వద్దంటే, చేతులు మిరప మంటతో ఎర్రబడిన ఒక అమ్మ మా పళ్లెంలో బలవంతంగా వేసేసింది.

అప్పటి నుంచి మా సంఘంలో కొన్ని మార్పులు చేసుకున్నాం. చిన్నవే. నవంబరు మొదటి ఆదివారం ప్రభు బల్ల ఇచ్చి, పేరు పేరునా ప్రార్థించి పంపుతాం. ఏ మేస్త్రి, ఏ ఊరు, ఏ ఫోను నంబరు అన్నది రాసుకుంటాం. ఫిబ్రవరిలో ఇద్దరు పెద్దలతో ఒకసారి చేలకు వెళ్లి వస్తాం. ఉన్నవారికి ఆరాధన ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మార్చాం, పట్టణం నుంచి వచ్చే రెండు ఉద్యోగ కుటుంబాలు కొన్నాళ్లు సణిగినా. పూర్వం మన పల్లె సంఘాల్లో ఉపాధ్యాయుడు కూలిజనం ఇంటికి చేరాక దీపం పెట్టి ఆరాధన జరిపించేవాడని మన పెద్దలు చెప్పేవారు. మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఉగాది తర్వాత అందరూ వచ్చాక మాకు మళ్లీ ఒక క్రిస్మస్ ఉంటుంది. బయటివారు నవ్వుతారు, నవ్వనివ్వండి. కైరుప్పలకు జనం వచ్చి పోయే ఆ వారంలోనే మా బల్లలు కూడా నిండుతాయి.

బల్లలన్నీ ఎప్పుడూ నిండవు. తాగేవారు ఇంకా తాగుతున్నారు, క్రికెట్ కుర్రాళ్లలో ఇద్దరే వస్తున్నారు. తాత పేరు గోడ మీద చదివిన ఆ మనవరాలికి పెళ్లయింది, ఎమ్మిగనూరులో ఉంటోంది. కిందటిసారి వారి ఇంటికి వెళ్లినప్పుడు చర్చి మాట మేము ఎత్తలేదు. టీ తాగి లేస్తుంటే ఆమే అడిగింది, 'అయ్యగారూ, మీ ఆరాధన ఇప్పుడు ఎన్ని గంటలకు?' అని. చెప్పాం. వస్తానని గానీ రానని గానీ ఆమె అనలేదు.